తేలిక విండో మేనేజరు: దిగిన బరువు ఎటు పోయింది?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారుదామంటే టీపీఎం 2.0 భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరందో ఆ తర్వాతదో అయి ఉండాలి. దాంతో తెర బాగుండి, కీబోర్డు బాగుండి, బ్యాటరీ కూడా ఒక మోస్తరుగా నిలుస్తున్న ల్యాప్‌టాప్‌లు ఎన్నో కాగితం మీద పాతబడిపోయాయి. వాటిలో లినక్స్ ఎక్కించుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు. ఆ దారి పట్టినవాళ్లకు మొదటి వారంలోనే ఒక సలహా వినిపిస్తుంది: పెద్ద డెస్క్‌టాప్ వద్దు, తేలికపాటి విండో మేనేజరు పెట్టుకో అని. సలహా మంచిదే. చిక్కంతా ‘తేలిక’ అన్న మాట దగ్గరే. ఎన్ని మెగాబైట్ల మెమరీ తింటుందన్న ఒక్క లెక్కతో దాన్ని తేల్చేస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఇది: విండో మేనేజరు దించిన బరువు గాలిలో కలిసిపోదు. కొంత యంత్రం మీద నుంచి నిజంగానే దిగుతుంది, మిగతాది వాడే మనిషి నెత్తికెక్కుతుంది. ఏది ఎంతో చూసుకున్నాకే ఎంచుకోవాలి.

అసలు విండో మేనేజరు చేసే పనేమిటో ముందు చెప్పుకుందాం. తెర మీద కనిపించే ప్రతి విండోలోనూ లోపలి భాగం ఆ ప్రోగ్రాముది. రాతలు, బొమ్మలు, మీటలు అదే గీసుకుంటుంది. చుట్టూ అంచు, పైన పేరు పట్టీ, మూసే గుర్తు, విండోను పక్కకు జరపడం, చిన్నదీ పెద్దదీ చేయడం, ఏది పైన ఏది కింద అని తేల్చడం, టైపు చేస్తున్న అక్షరాలు ఎవరికి అందాలో చూడడం, ఇవన్నీ విండో మేనేజరు పనులు. విండోస్‌లో, మ్యాక్‌లో ఇది వ్యవస్థలోనే కలిసిపోయి ఉంటుంది. లినక్స్‌లో విడిగా ఉండడానికి కారణం 1984లో ఎంఐటీలో, ప్రాజెక్ట్ ఎథీనా రోజుల్లో, బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన ఎక్స్ విండో వ్యవస్థ. గీయడానికి సాధనాలు మేమిస్తాం, విండోలు ఎలా ఉండాలో మాత్రం మేం నిర్ణయించం అన్నది అక్కడి నియమం. 1987లో వచ్చిన పదకొండో రూపమే ఎక్స్11 పేరుతో ఈనాటికీ నడుస్తోంది. అందులో విండో మేనేజరు కూడా బ్రౌజరులాగా ఒక మామూలు ప్రోగ్రామే. ఒక తెరకు ఒక్క మేనేజరే అన్న షరతు ఒకటుంది, రెండోది వస్తానంటే తెరను నడిపే ఎక్స్ సర్వరు ఒప్పుకోదు. కానీ ఉన్నదాన్ని తీసి ఇంకోదాన్ని నిలబెడితే తెరిచి ఉన్న ఫైళ్లు, బ్రౌజరు ఎక్కడివక్కడే ఉంటాయి, ఇంట్లోవాళ్లను లేపకుండా తలుపులు మార్చినట్టు. ఈ వెసులుబాటు వల్లే ఇన్ని రకాలు పుట్టాయి. తేలిక కోసం వెతుకులాట కూడా నిన్న మొన్నటిది కాదు. 1987 నాటి టీడబ్ల్యూఎం అన్న మేనేజరు మెమరీ ఎక్కువ వాడుతోందని 1993లో రాబర్ట్ నేషన్ దాన్ని సవరించడం మొదలుపెట్టాడు, అదే ఎఫ్‌వీడబ్ల్యూఎం అయింది. ఇవాళ టీడబ్ల్యూఎంను బరువైనదని ఎవరూ అనరు. బరువన్నది పక్కన ఏముందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇవాళ పక్కన ఉన్నది బ్రౌజరు. ఓపెన్‌బాక్స్‌లాంటి విండో మేనేజరు మామూలుగా పది ఇరవై ఎంబీల మెమరీతో సరిపెట్టుకుంటుంది. పెద్ద డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లోని షెల్‌కు కొన్ని వందల ఎంబీలు కావాలి. కాగితం మీద చూస్తే ఇది పదింతలకు పైబడిన తేడా. అయితే బ్రౌజరులో ఒక వార్తల సైటు, ఒక వీడియో, ఒక మెయిలు తెరిచి ఉంచామంటే ఆ మూడు ట్యాబులే ఈ తేడాను మింగేసి ఇంకా అడుగుతాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండో మేనేజరు మార్చి మూడు వందల ఎంబీలు మిగిల్చామంటే, ఆచరణలో మనకు దక్కింది అదనంగా రెండు ట్యాబులు. అది కూడా తీసిపారేసేది కాదు, కానీ యంత్రం కొత్తదైపోయిందని చెప్పుకునేంతా కాదు. పైగా ఈ కొలతలోనే మోసం ఉంది. పలు ప్రోగ్రాములు కలిసి వాడుకునే లైబ్రరీల మెమరీని టాప్‌లాంటి పనిముట్లు ఒక్కో ప్రోగ్రాము ఖాతాలోనూ మళ్లీ మళ్లీ రాస్తాయి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను లినక్స్ ఊరికే ఉంచదు, డిస్కు మీది ఫైళ్లను అందులో దాచిపెట్టుకుని, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. అందుకే ‘ఫ్రీ’ అన్న ఆదేశం ఇచ్చినప్పుడు చూడవలసింది ‘ఫ్రీ’ అని చూపే వరసను కాదు, ‘అవెయిలబుల్’ అన్న వరసను. పాత యంత్రం నత్తనడకకు చాలాసార్లు అసలు కారణం తిరిగే హార్డు డిస్కు. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెడితే కనిపించే మార్పు ఏ విండో మేనేజరు మార్చినా కనిపించదు.

ఇక మనిషి నెత్తికెక్కే బరువు సంగతి. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్లు, అంటే సామానుతో సహా ఇచ్చే ఇల్లు. వాటిలో విండో మేనేజరు ఒక్క గది మాత్రమే. ఓపెన్‌బాక్స్ ఒక్కదాన్నే ఎక్కించి లాగిన్ అయితే ఎదురయ్యేది బోసి తెర. కుడి మీట నొక్కితే మెనూ వస్తుంది, అంతే. గడియారం లేదు, వైఫై గుర్తు లేదు. ల్యాప్‌టాప్ మీద శబ్దం పెంచే మీట, వెలుతురు తగ్గించే మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, ఎందుకంటే ఆ మీటలను విని పనిచేసే సేవకుడిని ఎవరూ నియమించలేదు. పెన్‌డ్రైవ్ పెడితే దానంతటది తెరుచుకోదు. బ్యాటరీ అయిపోతోందని ముందుగా చెప్పేవాళ్లు లేక యంత్రం ఉన్నట్టుండి ఆరిపోతుంది. మూత మూస్తే నిద్రలోకి వెళ్లడం వ్యవస్థ సేవలను నడిపే సిస్టమ్‌డీ చూసుకుంటుంది గానీ, తెరిచినప్పుడు పాస్‌వర్డు అడిగే తాళం విడిగా పెట్టుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డు అడిగే పాలసీకిట్ ఏజెంటు నడవకపోతే సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రాము ఏమీ అడగకుండానే విఫలమవుతుంది, కారణం తెలియక కొత్తవాళ్లు ఒక సాయంత్రమంతా కొట్టుకుంటారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టుకోవచ్చు: ప్యానెల్ ఒకటి, నోటిఫికేషన్లకు డన్‌స్ట్, వాల్‌పేపరుకు ఫే, వైఫైకి ఒక ఆప్లెట్, వీడియో చిరగకుండా పైకామ్. అన్నీ చేర్చాక మెమరీ లెక్క చూస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ దరిదాపుల్లోకి వచ్చేస్తాం. తేడా ఏమిటంటే, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ ముక్కలు ఒకదానికొకటి సరిపోయేలా చూసేవాళ్లు వేరే ఉన్నారు, ఇక్కడ ఆ పని మనది.

అయితే విండో మేనేజరు మార్పు వల్ల ఒరిగేదేమీ లేదా? ఉంది, కాకపోతే అది ర్యామ్‌లో కన్నా తెరను గీసే పనిలో ఎక్కువ. పాత పద్ధతి మేనేజరు విండోల బొమ్మను దాచిపెట్టదు. పైనున్న విండో పక్కకు జరిగితే, కింద బయటపడ్డ భాగాన్ని మళ్లీ గీసుకోమని సర్వరు ఆ ప్రోగ్రాముకు కబురు పంపుతుంది. కంపోజిటర్ పద్ధతి వేరు. ప్రతి విండో బొమ్మనూ పూర్తిగా మెమరీలో ఉంచుకుని, వాటన్నిటినీ కలిపి తెరను అల్లుతుంది. నీడలు, పారదర్శకత, చిరగని వీడియో దీనివల్లే సాధ్యం. దాని ఖర్చును వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1366 నిలువు వరసలు, 768 అడ్డు వరసలు, ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు, గుణిస్తే తెరంత విండోకు సుమారు 4.2 ఎంబీ. 1920, 1080 తెరకైతే 8.3 ఎంబీ. ఒకటి చూపిస్తూ ఇంకోటి సిద్ధం చేసుకోవడానికి ఒక్కో విండోకు కనీసం రెండు ప్రతులు కావాలి. పది విండోలకు వందన్నర ఎంబీ దాటుతుంది. గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేని చవక ల్యాప్‌టాప్‌లలో అదంతా ర్యామ్ నుంచే పోతుంది. గ్రాఫిక్స్ చిప్పుకు సరైన డ్రైవరు లేకపోతే ఇంకా ఘోరం, ఆ అల్లిక పనంతా ప్రాసెసరు మీద పడి, మౌసు కదిపినా ఫ్యాను మోగుతుంది. ఇలాంటి యంత్రంలో గ్నోమ్ తీసి ఐస్‌డబ్ల్యూఎం అన్న తేలిక మేనేజరు పెట్టినప్పుడు కలిగే ఊరట భ్రమ కాదు, నిజం. తేలిక అన్న మాటకు నేనిచ్చే మొదటి అర్థం అదే: తెర గీయడానికి ఎంత శ్రమ పడుతోంది అని.

దీనికి నాకు తెలిసిన బలమైన సాక్ష్యం రాస్ప్‌బెరీ పై. 2012లో అమ్మకానికి వచ్చినప్పుడు ఆ బుల్లి కంప్యూటర్‌లో ఉన్న మెమరీ 256 ఎంబీ. ఎల్ఎక్స్‌డీఈ అన్న తేలిక డెస్క్‌టాప్, దాని లోపల ఓపెన్‌బాక్స్, చాలా ఏళ్లు అదే దాని ముఖం. 2021లో కొత్త రూపం విడుదల చేస్తూ గ్నోమ్‌వాళ్ల విండో మేనేజరు మటర్‌కు మారారు, కానీ 2 జీబీ కన్నా తక్కువ మెమరీ ఉన్న బోర్డులకు ఓపెన్‌బాక్స్‌నే ఉంచాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో, ఎక్స్11 స్థానంలో వస్తున్న వేల్యాండ్ పద్ధతికి వెళ్తూ వేఫైర్ అన్న కంపోజిటర్ తెచ్చారు, అది 4, 5 నమూనాలకే పరిమితమైంది. పాత బోర్డులు మళ్లీ వెనకే ఉండిపోయాయి. వేఫైర్ అభివృద్ధి సాగుతున్న దారి తమ గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌కు పొసగదని తేలాక 2024 అక్టోబరులో ల్యాబ్‌డబ్ల్యూసీకి మారారు. ఈసారి అన్ని నమూనాలకూ అదే. ల్యాబ్‌డబ్ల్యూసీ వేల్యాండ్ మీద నడుస్తుంది గానీ నమూనాగా పెట్టుకున్నది ఓపెన్‌బాక్స్‌నే. అదే తరహా సెట్టింగుల ఫైలు, అదే తరహా మెనూ ఫైలు, ఓపెన్‌బాక్స్ థీములను కూడా చదువుతుంది. మూడేళ్లలో మూడు మార్పులు చేసి ఒక సంస్థ చేరుకున్న చోటు చూడండి. అక్కడ గెలిచింది అన్నిటికన్నా చిన్నది అవడం వల్ల కాదు, ఉన్న హార్డ్‌వేర్ అంతటికీ సరిపడడం వల్ల, ఆడంబరం లేకపోవడం వల్ల. ముఖ్యంగా, ప్యానెల్, సెట్టింగులు, వైఫై గుర్తు అన్నీ ముందే అమర్చి ఇచ్చారు కాబట్టి వాడేవాళ్ల మీద ఏ బరువూ పడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. 4 జీబీ ఉన్నవాళ్లకు మీ మాట సరిపోతుంది, 1 జీబీతో నెట్టుకొచ్చే నెట్‌బుక్‌కు ప్రతి ఎంబీ విలువైనదే కదా అని. ఒప్పుకుంటాను. అక్కడ మూడు వందల ఎంబీలంటే దాదాపు మూడో వంతు. కానీ ఆ కోవలో విజయవంతమైనవాటిని పరిశీలిస్తే నా వాదనకే బలం చేకూరుతుంది. యాంటిఎక్స్ అన్న డిస్ట్రో, అంటే లినక్స్ కూర్పు, ఐస్‌డబ్ల్యూఎంతో వస్తుంది. 1997లో పుట్టిన ఐస్‌డబ్ల్యూఎంలో ప్యానెల్, గడియారం, విండోల జాబితా అన్నీ సొంతంగా ఉన్నాయి, విడిగా తేనక్కర్లేదు. పప్పీ లినక్స్ చాలాకాలంగా నమ్ముకున్న జేడబ్ల్యూఎం కూడా ప్యానెల్‌తో సహా వచ్చే రకమే. అంటే బాగా చిన్న యంత్రాల కోసం పనిచేసినవాళ్లు బోసి తెర ఇచ్చి ఊరుకోలేదు, అమర్చే బరువు తామే మోశారు. పాత యంత్రం ఉన్నవాళ్లకు నా సూటి సలహా కూడా అదే: విడి విండో మేనేజరు తెచ్చి కట్టుకోవడం కన్నా, దాన్ని అమర్చి ఇచ్చే డిస్ట్రోను ఎంచుకోవడం మేలు. జెడ్‌ర్యామ్ అనే సౌకర్యాన్ని ఆన్ చేసుకుంటే ర్యామ్‌లోని సరుకునే కుదించి సర్దుతుంది. ఫెడోరా 2020 నుంచి దాన్ని మామూలుగానే పెట్టి ఇస్తోంది. చిన్న యంత్రంలో ఈ ఒక్క పని విండో మేనేజరు మార్పుకు ఏమాత్రం తీసిపోదు.

రెండో అభ్యంతరం రోజంతా కంప్యూటరు మీద పనిచేసేవాళ్లది. మాకు కావలసింది మెమరీ ఆదా కాదు, చేతివేగం అంటారు వాళ్లు. వాళ్లు చెప్పేది టైలింగ్ రకం గురించి, అంటే విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా గచ్చు మీద పలకల్లా పక్కపక్కనే అమరిపోయే రకం. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎం, 2009లో మైఖేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3 ఇందులో పేరుపడ్డవి. రోజంతా కోడు రాసేవాళ్లకు, పది టెర్మినళ్లు తెరిచి సర్వర్లు చూసేవాళ్లకు వీటి వల్ల నిజంగా మేలుంది, చెయ్యి కీబోర్డు వదలక్కర్లేదు. కానీ ఈ వేగం ఉచితంగా రాదు, ముప్పై నలభై మీటల కలయికలు వేళ్లకు అలవాటయ్యాకే వస్తుంది. డీడబ్ల్యూఎంకైతే సెట్టింగుల ఫైలంటూ లేదు. సీ భాషలో ఉన్న హెడర్ ఫైలును దిద్ది ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయాలి. మొత్తం కోడు రెండు వేల పంక్తులు దాటకూడదని పెట్టుకున్న నియమం మెచ్చుకోదగ్గది. ఆ కోడు చదవగలిగేవాళ్లకే అది తేలిక. అదే ల్యాప్‌టాప్‌ను పొద్దున ఇంటాయన, మధ్యాహ్నం కూతురు, రాత్రి బామ్మగారు వీడియో కాల్ కోసం వాడే ఇంట్లో ఐ3 పెడితే ముగ్గురికీ యంత్రం పాడైనట్టే కనిపిస్తుంది. ఎవరి చేతికోసం ఎంచుకుంటున్నామో తేలకుండా ఏది వేగమో తేలదు.

మూడోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. ఎక్స్11 కాలం అయిపోతోంది, ఓపెన్‌బాక్స్ చివరి విడుదల 2015లో, అలాంటప్పుడు ఇప్పుడు దాన్ని నేర్చుకోవడమెందుకు అని. వాస్తవం కాదనలేం. ఉబుంటు 25.10లో, ఫెడోరా 43లో గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఎక్స్11 లాగిన్ లేకుండా పోయింది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ మొదలుపెట్టిన వేల్యాండ్‌కు భద్రత కూడా ఎక్కువే. ఎక్స్11లో ఒక ప్రోగ్రాము టైపు చేస్తున్న పాస్‌వర్డును ఇంకో ప్రోగ్రాము వినగలదు, వేల్యాండ్‌లో ఆ దారి మూసేశారు. అయితే అక్కడ కంపోజిటరు, విండో మేనేజరు, సర్వరు మూడూ ఒక్కటే. అది కూలితే మామూలుగా తెరిచి ఉన్న విండోలన్నీ దానితోపాటే పోతాయి. కాబట్టి వేల్యాండ్‌లో ఎంచుకునేటప్పుడు చిన్న పరిమాణం కన్నా నిలకడ, చూసుకునేవాళ్ల శ్రద్ధ ముఖ్యం. నేర్చుకున్నది వృథా అవుతుందన్న భయానికి మాత్రం జవాబుంది. ఐ3 సెట్టింగులను వేల్యాండ్ మీద నడిచే స్వే చాలావరకు అలాగే తీసుకుంటుంది. ఓపెన్‌బాక్స్‌కు అలవాటుపడ్డవాళ్లు ల్యాబ్‌డబ్ల్యూసీకి వెళ్తే ఇల్లు మారినట్టే అనిపించదు. ప్రోగ్రాము పోయినా అలవాటు మిగులుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండు జంటల్లో ఒకదానితో మొదలుపెడితే ముందుకు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. 

చివరగా, తెలుగు వాడేవాళ్లు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటుంది. పరాయి భాషల వాళ్లు రాసే పోలికల్లో అది కనిపించదు. తెలుగు అక్షరాలను వరసగా పేరిస్తే సరిపోదు, ఒత్తులు కింద చేరాలి, గుణింతాలు కలవాలి. లినక్స్‌లో ఆ కూర్పు పని హార్ఫ్‌బజ్, పాంగో చేస్తాయి. ఓపెన్‌బాక్స్, ల్యాబ్‌డబ్ల్యూసీ, స్వే పేరు పట్టీలను పాంగోతోనే గీస్తాయి, అందువల్ల తెలుగు చక్కగా వస్తుంది. డీడబ్ల్యూఎం తేలిక కోసం పాంగోను వద్దనుకుని నేరుగా ఎక్స్ఎఫ్‌టీతో గీస్తుంది. దానికి అక్షరాలు కలపడం తెలియదు. ‘శ్రీ’ అని ఉన్నచోట శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం విడివిడిగా పరుచుకుంటాయి. అక్కడ మిగిల్చిన ఎంబీల ధర మన అక్షరమే, ఆ బేరం నాకు సమ్మతం కాదు. టైపింగ్ సంగతి కొంత సులువు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చాలనుకుంటే ఎక్స్11లో సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఆదేశం ఒక్క పంక్తి, అదనపు ప్రోగ్రాము ఏదీ నడవక్కర్లేదు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు మీటలతో రాసేవాళ్లకు ఐబస్‌లాంటి ప్రోగ్రాము కావాలి, బోసి విండో మేనేజరులో దాన్ని మొదలుపెట్టే పంక్తిని ఆటోస్టార్ట్ ఫైలులో మనమే రాసుకోవాలి. ఇదంతా ఉన్న డెస్క్‌టాప్‌ను తీసేయకుండానే పరీక్షించవచ్చు. కొత్త విండో మేనేజరు ఎక్కించి, లాగిన్ తెర మీద ఆ రోజుకు దాన్ని ఎంచుకుని, క్ష, జ్ఞ, స్త్రీ లాంటి అక్షరాలున్న పేరుతో ఒక ఫైలు దాచి, తెరిచి, పేరు పట్టీ వైపు చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టండి, శబ్దం మీట నొక్కండి, మూత మూసి తెరవండి. వీటిలో ఏది తప్పినా మర్నాడు అదే లాగిన్ తెర మీద పాత పేరు ఎంచుకుంటే చాలు, మీ ఫైళ్లకు ఏమీ కాదు.